బడియా, బందెలదొడ్డియా?

మన రెండు తెలుగు రాష్ట్రములలోను పాఠశాలలు కట్టువారికి ఒక్కటే పటము తెలిసినట్లున్నది. శ్రీకాకుళపు సముద్రతీరమున కట్టిన బడియు, అనంతపురపు మెట్టనేలపై కట్టిన బడియు, ఆదిలాబాదు అడవిప్రక్కన కట్టిన బడియు ఒకే అచ్చున పోసిన యిటుకలవలె నున్నవి. వరుసగా గదులు, వానిముందు ఇద్దఱు ఎదురుపడిన నొకరు తొలగవలసినంత యిఱుకైన నడవ, పైన కాంక్రీటు కప్పు, చుట్టును ప్రహరి, ప్రహరికొక యినుపతలుపు, తలుపునకొక తాళము. ఒకచోట గాలివాన భయము, మఱియొకచోట ఎండ భయము, వేఱొకచోట చలి. పటమునకు మాత్రము ఏ భయమును లేదు. అది రాజధానిలో నొక కార్యాలయమున గీయబడి, ఊరి ముఖము చూడకయే ఊరికి వచ్చును. పాఠ్యపుస్తకములను గుఱించి సభలలో వాదులాడుకొను మనము, బిడ్డలు పదేండ్లపాటు కూర్చుండవలసిన చోటును గుఱించి ఆలోచించు పనిని గుత్తదారునకు విడిచితిమి. ఇది తగదని మా వాదము.

"ముందు తలపై కప్పు ఉండనిండు, అందచందములు పిమ్మట చూచుకొందము" అని కొందఱు పెద్దలు మమ్ము మందలింతురు. కప్పు వలదని మేమనలేదు. 1987లో కేంద్రప్రభుత్వము ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అను పథకమును పెట్టి, ప్రాథమిక పాఠశాలకు ఎల్లకాలములయందును పనికివచ్చు రెండు పెద్దగదులును వెడల్పైన వసారాయు ఉండవలెనని కోరెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయున కొక గది చొప్పున నుండవలెననియు, బాలురకు బాలికలకు వేర్వేఱు మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటయిల్లు, ఆటస్థలము, ప్రహరి లేక కంచె ఉండవలెననియు శాసించెను. 2019లో ఆంధ్రప్రదేశమున నాడు-నేడు, 2022లో తెలంగాణమున మన ఊరు-మన బడి యను కార్యక్రమములు మొదలయ్యెను. మరుగుదొడ్డి లేని బడికి ఈడువచ్చిన ఆడపిల్లను పంపుటకు తల్లి యేల జంకునో యెఱిగినవారెవ్వరును ఈ పనులను తక్కువచేసి మాటలాడరు. అయినను చట్టము గదులను లెక్కించునేగాని, గదిలో బిడ్డ యెట్లుండునో అడుగదు. వసారా యను మాట 1987లో నుండెను; 2009 పట్టికలో లేదు.

చిన్నమాటయే గదా యని చదువరులు నవ్వవచ్చును. కాని బడికి వసారాయే ప్రాణమని మేము ఇరువదేండ్లకు పైబడిన అధ్యాపకత్వమున కనుగొంటిమి. వాన కురిసిన దినమున ఆట అచ్చటనే, మధ్యాహ్నభోజనము అచ్చటనే. ఒకటవ తరగతివారు ఇసుకలో అక్షరములు దిద్దునది అచ్చట. పసిబిడ్డ నెత్తుకొని పెద్దబిడ్డకై వచ్చిన తల్లి నిలుచునది అచ్చట. నిలిచి, లోపల చెప్పుచున్న ఎక్కము నామెయు మనసులో నప్పగించుకొనును. మీదుమిక్కిలి గోడపై ఎండ పడనీయనిది వసారా. దానిని తీసివేసి, ఆ సొమ్ముతో నింకొక గది కట్టితిమని లెక్క చూపుచున్నారు.

ఆ గదులవలన కలిగిన లాభమెంత? మన పల్లెలలోని ప్రాథమిక పాఠశాలలలో ననేకమునందు అయిదు తరగతులకు ఉన్నది ఒక్కరో యిద్దఱో ఉపాధ్యాయులు. గోడకీవల మూడవ తరగతికి భాగహారము చెప్పుచుండగా గోడకావల రెండవ తరగతి సంతయగును. కడకు పంతులు అందఱిని ఒక్కగదిలోనికి చేర్చుకొని, తక్కిన గదులలో విఱిగిన బల్లలు దాచును. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషివ్యాలీ విద్యాలయమువారు చుట్టుప్రక్కల పల్లెబడులకై యేర్పఱచిన బోధనాపద్ధతి ప్రసిద్ధమైనది. పాఠమును చిన్నచిన్న మెట్లుగా విభజించి, చీటీలపై వ్రాసి, వయోభేదము లేక బిడ్డలను గుంపులుగా నేలపై కూర్చుండబెట్టుదురు. పంతులు గుంపునుండి గుంపునకు తిరుగును. ఇట్టి చదువునకు కావలసినది నాలుగు పెట్టెలు కాదు. ఒక విశాలమైన నేల, బిడ్డ చేతికందు నెత్తున గోడపొడవునను నల్లబల్ల, అవసరమైనపుడు జరిపి అవసరము తీరినపుడు తీసివేయదగిన తడికలు గావలెను.

తడిక యనిన చులకన! కాని ప్రభుత్వముల తలంపులకంటె తడికయే స్థిరముగా నున్నది. 2022లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అనేక ప్రాథమిక పాఠశాలలనుండి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించెను. 2025లో ఆ యుత్తరువును రద్దుపఱచెను. బిడ్డలు పోయినచోట గదులు చాలవు, విడిచినచోట గదులు బోసిపోవును. అఱువదేండ్లు నిలువవలెనని కట్టిన గోడ మూడేండ్ల విధానముతో పోటీపడజాలదు. సంస్కృతమున శాల యను మాటలో ఈ వివేకమున్నది: యజ్ఞశాలను యజ్ఞమునకు తగినట్లు కట్టి, పని తీరినపిమ్మట విప్పుదురు. పాఠము మాఱినను మాఱని పాఠశాల మనకే చెల్లినది.

ఇంతమాత్రముచేత మమ్ము పూర్వకాలపు వీధిబడికి మరలింపజూచువారినిగా నెంచవలదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను లెక్కించి నివేదిక వ్రాసెను. నేటి అనంతపురపు సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. బడులు 533, విద్యార్థులు 6,641 మంది. అందు హిందూబాలికలు 60 మంది. అరుగుబడి వీధికి తెఱచియుండెను, నిజమే. కాని ఆ వీధిలో నడచువారికందఱకును తెఱచియుండలేదు. ఆడుబిడ్డకును మాలమాదిగల బిడ్డకును అరుగు లేదు. మేము కోరునది అరుగుయొక్క బాహాటత్వమును గాని అరుగుపైని కులమును గాదు. ఆ బడి జరిగినపుడు ఊరివారికి చెవినిబడుచు జరిగెను. పంతులు కొట్టినను తెలిసెను, నిద్రించినను తెలిసెను.

ఇక ఎండ మాట. కాంక్రీటు పలక పగలెల్ల వేడిని త్రాగి, మధ్యాహ్నమునకు గదిలోనికి క్రక్కును. రెండు గంటలవేళ బిడ్డలు తూగుచుండిన మందమతులని తిట్టుదుము, మందమైనది కప్పు. ఈ బాధ మనకొక్కరికే లేదు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో యను పల్లెయందు బుట్టి, చిన్ననాట ఉక్కగదిలో చదివిన ఫ్రాన్సిస్ కేరే, శిల్పశాస్త్రము నేర్చి, 2001లో తన పల్లెకొక బడి కట్టెను. మట్టిలో కొంత సిమెంటు కలిపి ఊరివారే యిటుకలు చేసిరి. గదిపై రంధ్రములుగల మట్టికప్పు, దానికి పైగా ఎత్తున రేకుకప్పు. నడుమనుండి వేడిగాలి వెడలిపోవును. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమానము వచ్చెను. కేరళలో చిరకాలము పనిచేసిన లారీ బేకర్ ఇటుకలను నిలువున పేర్చి నడుమ బోలు విడుచు కట్టును ప్రచారము చేసెను. ఇటుకలు నాల్గవపాలు మిగులును, బోలు వేడినాపును. మనకు కడప బండయున్నది, షాబాదు బండయున్నది, బంగాళాపెంకు ఉన్నది, రాయలసీమ చవుడుమిద్దె యున్నది, ఉత్తరాంధ్రతీరమున గాలికి తలవంచని చుట్టిల్లున్నది. వీనిలో నొక్కటియైన ఆ పటములో గానరాదు. పడమట నాలుగు వేపలు, కానుగలు నాటి, గదికి రెండుప్రక్కల కిటికీలు పెట్టి, కప్పుపై సున్నము కొట్టినను కొంత మేలు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై యొక విధానమునే ప్రకటించెను.

కుంభకోణమును మఱచితిరా యని అడుగువారున్నారు. మఱువలేదు. 2004 జులై 16న అచ్చటి బడిలో 94 మంది బిడ్డలు కాలిపోయిరి. వంటశాలలో పుట్టిన నిప్పు తాటాకు కప్పునంటుకొనెను. బిడ్డల తలపై తాటాకు ఉండరాదు, ఒప్పుకొంటిమి. కాని ఒకే భవనమున మూడు బడుల నిఱికించి, ఇఱుకుమెట్లు పెట్టి, బయటపడుటకు దారి లేకుండ జేసినది తాటాకు కాదు. నేడు పట్టణములలో అంతస్తుల మేడలయందు, క్రింద దుకాణములు పైన తరగతులుగా నడుచు ప్రైవేటు బడులకు తాటాకు లేదు, దారియున్నదా?

చదువరులలో పలువురు తమ బిడ్డలను పంపునది వానికే గనుక ఈ మాట చెప్పక తప్పదు. అద్దముల ద్వారమును, చల్లదనపు యంత్రమును చూచి రుసుము చెల్లింతురు; మన్ను త్రొక్కుటకు జానెడు చోటున్నదాయని అడుగరు. కారు నిలుపుటకు నేలమాళిగ కలదు, బిడ్డ పరుగెత్తుటకు పెరడు లేదు. బిడ్డ చెట్టు పేరు పుస్తకములో చదివి, పరీక్షలో వ్రాసి, చెట్టెక్కకయే పెద్దవాడగుచున్నాడు.

ప్రభుత్వపు బడికి మఱియొక తెగులు. నాలుగు గంటలకు తాళము పడును. ఎన్నిక వచ్చిన బడి గావలెను, వరద వచ్చిన బడి గావలెను. సాయంకాలము పత్రిక చదువుకొన గోరిన కూలివానికి మాత్రము బడి కూడదు. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచిన పిమ్మట తీరమున తుపాను రక్షణభవనములను కట్టిరి. వానిలో పెక్కింట బడులు నడిచెను. ఒక్క కట్టడము రెండు పనులు చేయగలదని ప్రకృతి బలవంతముగా నేర్పిన పాఠమది. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము నడిచినపుడు దూబగుంట స్త్రీలు పాఠము చదివి, సారా దుకాణమును మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధమునకు దారితీసెను. రాత్రి చదువునకు కావలసినది దీపము, నేల, తెఱచిన తలుపు. ఊరు తనదనుకొనిన బడికి కిటికీ రెక్కలు పోవు, చెట్లు ఎండవు, పంతులు రాకున్న అడుగువారుందురు.

చేయవలసినది ఎవ్వరని యడుగ నక్కఱలేదు. 2009 చట్టమే ప్రభుత్వపు బడులకు నిర్వహణసంఘములు పెట్టెను. అందు నాల్గింట మూడుపాళ్లు తల్లిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెను. పాఠశాలాభివృద్ధి ప్రణాళిక వ్రాయు అధికారము వారిదే. ఆచరణమున వేలిముద్ర వేయుటయే వారి పని యగుచున్నది. చదువుకొన్న గృహస్థులు ఈ సంఘములకు పోయి కూర్చుండి, పటమును నేలపై పఱపించి, వసారా యెచ్చట, గాలి యేదిక్కున, సాయంకాలము ఊరివారు లోనికి వచ్చు దారి యేదియని అడుగవలెను. గుత్తదారుడు పునాది త్రవ్వకమునుపు చేయు మొదటిపని చెట్టు కొట్టుట. ఆ చెట్టును పటమునందు గుర్తించి, దానిని తప్పించి గోడ గీచిననాడే సంతకము పెట్టవలెను.