ఆపడం తెలిసిన గురువు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. రాయలసీమ పల్లెల్లో ఈ సామెత చెబితే కుర్రాళ్లు నవ్వుతారు. పరుగెత్తితేనే ఉద్యోగం మరి! కానిస్టేబుల్ కావాలంటే 1,600 మీటర్ల పరుగు గట్టెక్కాలి. సైన్యంలోకి వెళ్లాలన్నా పరుగు తప్పదు. చినుకు మొహం చాటేసిన ఏడు వేరుశనగ చేతికి రాకపోయినా, అప్పు చేసైనా కొడుకునో కూతురినో శిక్షణకు పంపే తల్లిదండ్రులు కర్నూలు, కడప జిల్లాల్లో చాలామందే ఉంటారు. ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, పతకం కోసమే పరుగెత్తాలనుకునే పిల్లలూ ఉన్నారు. కడపలోని క్రీడా పాఠశాలలో సీటు కోసం చిన్న వయసులోనే పరుగు పరీక్షకు నిలబడేవాళ్లూ ఉన్నారు.

చిక్కంతా ఒక్కచోటే. ఏ సారు దగ్గర చేర్పించాలి? 'ఆయన పిల్లల్ని బాగా పరుగెత్తిస్తాడంట' అన్న మాట చెవిన పడితే చాలు, అక్కడికి పంపేస్తారు. ఎంత ఎక్కువ పరుగెత్తిస్తే అంత గొప్ప సారు అన్నది లెక్క. ఆ లెక్క సరైనదేనా?

ఒకే ఒలింపిక్స్, రెండు దారులు

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ కుర్రాళ్లు ఇద్దరు ఒకే రోజు బంగారు పతకాలు కొట్టారు. 800 మీటర్లలో పీటర్ స్నెల్, 5,000 మీటర్లలో ముర్రే హాల్‌బర్గ్. ఇద్దరి గురువూ ఒక్కరే... ఆర్థర్ లిడియార్డ్. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇంటింటికీ పాలు పోసిన మనిషి. ఏళ్ల తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని ఒక పద్ధతి కనిపెట్టాడు. ముందు నెలల తరబడి నిదానంగా, ఎక్కువ దూరం పరుగు. పునాది గట్టిపడ్డాక గుట్టలెక్కడం. వేగం చివర్లోనే. రెండు నిమిషాల్లోపే పందెం ముగించే స్నెల్‌తో కూడా ఆదివారం పూట 35 కిలోమీటర్ల కొండదారి పరుగు చేయించాడు.

అదే రోమ్‌లో 1,500 మీటర్ల బంగారు పతకం ఆస్ట్రేలియాకు చెందిన హెర్బ్ ఎలియట్‌ది, అదీ ప్రపంచ రికార్డుతో. ఆయన గురువు పెర్సీ సెరుట్టీది పూర్తిగా వేరే దారి. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీదికి పరుగెత్తించేవాడు. స్టాప్‌వాచీ కన్నా ఒంట్లో బలానికి, గుండె ధైర్యానికి విలువిచ్చేవాడు.

అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1952 హెల్సింకీలో చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జటోపెక్ 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. ఆయన సాధనంతా 400 మీటర్లు వేగంగా ఉరకడం, కాసేపు మెల్లగా కదలడం, మళ్లీ ఉరకడం.

మూడు దారులూ పతకాల దాకా వెళ్లాయి. కాబట్టి 'మా పద్ధతే సరైనది, మిగతావన్నీ దండగ' అని ఏ కోచ్ అయినా అంటే కొంచెం ఆలోచించాల్సిందే. పైగా రోమ్ నాటికి ఎలియట్‌కు 22 ఏళ్లు. పద్నాలుగేళ్ల పిల్లాడిని తుంగభద్ర ఇసుకలో పరుగెత్తించినంత మాత్రాన ఎలియట్ తయారవడు. చీలమండ బెణికితే మాత్రం ఏడాది పోతుంది!

బీడ్ కుర్రాడి నిర్ణయం

మన సీమకు దగ్గరగా అనిపించే కథ మహారాష్ట్రలోని బీడ్ జిల్లాది. అదీ కరువు నేలే. అక్కడి మాండ్వా గ్రామంలో ఇటుక బట్టీల్లో పనిచేసిన దంపతుల కొడుకు అవినాశ్ సాబ్లే. బడికి ఆరు కిలోమీటర్లు వెళ్లి వచ్చేవాడు. సైన్యంలో చేరాకే పోటీ పరుగుల్లోకి వచ్చాడు. అక్కడి కోచ్ అమ్రీష్ కుమార్ అతణ్ని 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు మళ్లించాడు. దారిలో అడ్డంకులు, నీటి గుంట దాటుకుంటూ సాగే పరుగు అది.

2018లో సాబ్లే జాతీయ శిబిరంలో విదేశీ కోచ్ నికొలాయ్ స్నెసరెవ్ దగ్గర చేరాడు. చాలా కఠినమైన శిక్షణకు పేరుపడ్డ కోచ్ ఆయన. ఆ శిక్షణలోనే లలితా బాబర్ 2016 రియో ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్ ఫైనల్లో పదో స్థానంలో నిలిచింది. అయితే ఆ శిక్షణ సాబ్లేకు సరిపడలేదు. పాత గురువు దగ్గరికే తిరిగొచ్చాడు. అదే ఏడాది భువనేశ్వర్‌లో, 1981 నుంచి చెక్కుచెదరని గోపాల్ సైనీ జాతీయ రికార్డును బద్దలుకొట్టాడు. తర్వాత అమెరికాలో స్కాట్ సిమన్స్ దగ్గర సాధన చేశాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో వెండి, 2023 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకరికి అమృతమైన శిక్షణ మరొకరికి అరక్కపోవచ్చు. ఆ సంగతి గుర్తించి చెప్పుకోగలగడమే సాబ్లేకు మేలు చేసింది. మన పిల్లలు అలా నోరు విప్పి చెప్పగలుగుతున్నారా? 'సారు కోప్పడతాడు' అని కాలినొప్పి దాచుకునే పిల్లల విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

పదేళ్ల ఓపిక

2006 మేలో ఒడిశాలో నాలుగేళ్ల బుధియా సింగ్ పూరీ నుంచి 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. దేశమంతా నోరెళ్లబెట్టింది. వైద్యులు ఆందోళన చెందారు, ప్రభుత్వం అలాంటి పరుగులను ఆపించింది. ఆ తర్వాత పెద్ద పోటీల్లో ఆ పేరు వినబడలేదు.

ఇటు కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్చోగేను చూడండి. పొరుగునే ఉండే పాట్రిక్ సాంగ్, 1992 ఒలింపిక్స్‌లో స్టీపుల్‌చేజ్ వెండి పతకం తెచ్చిన ఆటగాడు, అతని గురువు. 2003లో కిప్చోగే 5,000 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు. తొలి మారథాన్ పరుగెత్తింది 2013లో. అంటే మధ్యలో పదేళ్లు! ఆ తర్వాతే 2016, 2020 ఒలింపిక్స్ మారథాన్ స్వర్ణాలు.

1999 నుంచి 2017 దాకా జరిగిన అండర్-18 ప్రపంచ అథ్లెటిక్స్‌లో అతి పొడవైన పరుగు పందెం 3,000 మీటర్లే. ఎనిమిదో తరగతి పిల్లాడికి మారథాన్ నేర్పుతానన్న సారు దగ్గర ఈ ఒక్క ముక్క ప్రస్తావించి చూడండి.

మన ఎండ, మన తిండి

కర్నూలు, కడపల్లో ఎండాకాలం పాదరసం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు కావాలి. సెలవులు ఇవ్వగానే మొదటి రోజే పది కిలోమీటర్లు పరుగెత్తించే కోచ్‌కు ఈ సంగతి తెలియదన్నమాట. ఎండలో నీళ్లు తాగనివ్వకపోవడం క్రమశిక్షణ కాదు, ప్రాణాలతో చెలగాటం. పరుగెత్తే పిల్లాడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి, 108కి ఫోన్ చేయాలి.

తిండికి దిగులక్కర్లేదు. రాగి సంగటి, జొన్న రొట్టె, వేరుశనగ పప్పు, గుడ్డు, ఆకుకూర పప్పు మన ఇళ్లలో ఉన్నవే. ఆడపిల్లల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అమ్మాయి ఆయాసపడుతుంటే బద్ధకమని తిట్టేముందు రక్తపరీక్ష చేయించాలి. నెలసరి ఆగిపోతే అది కష్టపడుతున్నదనడానికి గుర్తు కాదు, ఒంటికి తిండి చాలడం లేదనే హెచ్చరిక కావచ్చు. డాక్టరుకు చూపించాల్సిందే.

సారును ఏమడగాలి?

పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంటే మంచిదే. కానీ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఐర్లాండ్ నుంచి 1976లో కెన్యాలోని ఇటెన్ బడికి వచ్చిన బ్రదర్ కోమ్ ఓకానెల్ భూగోళం పాఠాలు చెప్పే టీచరు. పరుగులో ఏ శిక్షణా పొందలేదు. పిల్లల్ని గమనిస్తూనే నేర్చుకున్నాడు. ఆయన శిష్యుడు డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్ 800 మీటర్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మన బడిలో డ్రిల్లు సారు కూడా అలాంటి గురువు కావచ్చు.

చేర్పించేముందు ఈ ప్రశ్నలు వేయండి.

* మూడేళ్ల కిందట చేరిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు? గెలిచిన ఒకరిద్దరి ఫొటోలు కాదు, మానేసిన వాళ్ల సంగతీ తెలియాలి.

* వారంలో విశ్రాంతి ఎన్ని రోజులు? ఎక్కువ భాగం పరుగు పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా ఉంటుందా, రోజూ పందెమేనా?

* కొత్తవాళ్లకీ పాతవాళ్లకీ ఒకటే పనా? ఈ రోజు ఈ పని ఎందుకంటే జవాబు ఉందా?

* మాత్రలు, ఇంజెక్షన్లు ఏమైనా ఇస్తారా? డోపింగ్ పరీక్షలో దొరికితే 'సారు ఇచ్చారు' అన్నంత మాత్రాన బాధ్యత తప్పదు.

* తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా? అమ్మాయిల శిక్షణలో తోడుగా మహిళ ఉంటారా?

నెల రోజులు పంపి చూడండి. పిల్లాడి టైమింగ్ కన్నా ముందు వాడి నిద్ర, ఆకలి, ముఖంలో ఉత్సాహం గమనించండి. 'సార్, మోకాలు నొప్పి' అన్న రోజున ఆ సారు ఏమంటాడో వినండి. 'ఏం కాదు, పరుగెత్తు' అంటే వేరే మైదానం వెతుక్కోవడం మేలు. 'ఈ పూట కూర్చో, రేపు చూద్దాం' అంటే ఫీజు నిశ్చింతగా కట్టేయొచ్చు.