మోచేతి క్రింది మెత్త

గడచిన మూడు మాసములుగా నా చొక్కాల మోచేతులకు నల్లని పొడి యేదో అంటుకొని వచ్చుచుండెను. మా వీధి మొగలో బండిపై ఇస్త్రీ చేయు నావిడ బట్టలు మడతపెట్టి యిచ్చుచు, కచేరీలో నేను బొగ్గుబస్తాలు గాని మోయుచున్నానా యని తమిళమున నడిగి నవ్వుటతో, ఆ పొడి పుట్టుకను గూర్చి విచారింపవలసి వచ్చినది. దోషి నా కుర్చీయే. ఏడేండ్ల క్రిందట మా కార్యాలయమునకు వచ్చిన ఆ తిరుగుడు కుర్చీకి కాళ్లును చక్రములును చెక్కు చెదరలేదు, వీపు నిలిచియున్నది, గ్యాసు పోలేదు, చేతులపైనున్న మెత్తలు మాత్రము వేసవినాటి చెఱువు నేలవలె బీటలు వాఱి, పొడిపొడిగా రాలుచు, కార్తికమాసపు తుపానువానలలో బంకబంకగా చేతికంటుకొనుచుండెను.

ఇట్టి కుర్చీకి కచేరీలలో జరుగు చికిత్సలు పాఠకులెఱుగనివి కావు. మొదట సెల్లోటేపు; అది చెమటకు ఊడిన పిదప పురికొస; పురికొస గ్రుచ్చుకొన్న పిదప పాత తుండుగుడ్డ. కుర్చీ వీపున తెల్లని తువాలు పఱచుట మన దొరతనములో హోదాకు గుఱుతు. అదే తువాలును చింపి కుర్చీ చేతులకు చుట్టినచో గుమాస్తాతనమునకు గుఱుతు. కట్టకడపటి చికిత్స కుర్చీని 'కండెమ్' చేయించుట. మా సూపరింటెండెంటుగారు సదుద్దేశముతోనే నాకు సెలవిచ్చినదియు నిదియే: "దానికెందుకండీ ఇంత తాపత్రయం? కండెమ్ చేయించి కొత్తదానికి ఇండెంటు పెట్టండి." ఆయన మాటకు ప్రమాణముగా మా వెనుక వరండాలో పదునొకండు కుర్చీలు, తమపై కూర్చుండువారు లేక, ఒకదానిపై నొకటి తామే కూర్చుండి యున్నవి. నేను చూచినంతలో వానిలో తొమ్మిదింటికి మెత్తలు చినుగుట తప్ప వేఱు రోగము లేదు.

ఈ రోగనిదానమును తెలిసికొనుట మంచిది. ఏలయనగా నేరమంతయు మన మోచేతులపై మోపుట న్యాయము కాదు. ఈ మెత్తలలో అధికభాగము పాలియురిథేన్ అను పదార్థముతో చేయబడును. 1937లో జర్మనీలోని లెవర్కుసెన్ పట్టణమున ఒట్టో బాయర్ అను రసాయనశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనికి దారి కనుగొనిరి. రెండు ద్రవములను కలిపి అచ్చులో పోసినంతనే పొంగి, లోపల నురుగుగాను, అచ్చు గోడలను తాకినచోట దట్టమైన చర్మముగాను గట్టిపడును. కావున పైతొడుగును వేఱుగా కుట్టనక్కఱలేదు. చేయువానికి చవుక, కూర్చుండువానికి సుఖము. అయితే ఆ పదార్థమును నిలబెట్టు అణుబంధములు, ముఖ్యముగా పాలియెస్టరు జాతివానియందు, గాలిలోని తేమ తగిలి తగిలి తెగిపోవును. చేతి చెమటయు, నూనెయు ఆ పనికి తోడగును. వేసవిలో సైతము గాలి తడి యాఱని పుదుచ్చేరివంటి సముద్రతీరమున, ఎవ్వరును చేయి మోపక మూలగదిలో నుంచిన మెత్త కూడ కొన్నేండ్లకు తనంతట తానే శిథిలము కాగలదు. అనగా ఇది వాడుకవలని అరుగుదల యనుటకంటె, పుట్టిననాడే జాతకమున వ్రాయబడిన ఆయుఃప్రమాణమనుట సత్యమునకు దగ్గఱ. కాళ్లకు దీర్ఘాయువును చేతులకు అల్పాయువును ఇచ్చి వస్తువును లోకముమీదికి వదలిన సృష్టికర్త, ఆ చేతిమెత్తలను విడిగా అమ్ముటకు బాధ్యుడు కాడా?

కాడనియే లోకము తీర్పు. నేనొక పెద్ద అంగడికి పోగా అచటి యువకుడు, "ప్యాడ్లు విడిగా రావు సార్, కుర్చీ అయితే సాయంత్రానికే పంపుతాం" అనెను. పిదప ఇంటర్నెట్టులో వెదకి యొక జతను తెప్పించితిని. చూపునకు కవలలే, తిరుగవేసి చూడగా గుట్టు బయటపడెను. మెత్త కడుపులో ఇనుపరేకో ప్లైవుడ్డు పలకయో పొదిగి యుండును; దానికి మరలు పట్టు రంధ్రములు రెండో మూడో నాలుగో యుండును; ఒక రంధ్రపు నడిమినుండి మఱియొకదాని నడిమికి గల దూరమే యీ వ్యవహారమున సర్వస్వము. నాకు వచ్చినవానికిని నా కుర్చీకిని భేదము నాలుగు మిల్లీమీటర్లు. విద్యుద్దీపమును ఏ సంస్థవారిది కొనినను మన యింటి హోల్డరులో పట్టును. కుర్చీమెత్తకు మాత్రము ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క శాస్త్రము. ఆ కొలత పెట్టెమీద లేదు, రసీదుమీద లేదు, కుర్చీమీద లేదు. వేలు పోసి కుర్చీ కొన్నవాడు జానెడు మెత్తకొఱకు ఆ సంస్థవారి మోచేతి నీళ్లు త్రాగవలసినదే. విచారమేమనగా, ఆ నీళ్లును దొరకవు.

భాషలలో చూచినను ఈ చేతుల గతి యింతే. కుర్చీ యను మాటను మనము అరబ్బీ మూలమునుండి తెచ్చుకొంటిమి. సంస్కృతము కూర్చుండుటను బట్టి ఆసనమనెను. ఇచ్చటి తమిళులు కాళ్లను నాలుగు లెక్కించి నాఱ్కాలి యనిరి. నేటి తిరుగుడు కుర్చీకి క్రింద కాళ్లైదు గనుక ఆ పేరిక చెల్లదని నేననగా నా తమిళ మిత్రుడు కొంత నొచ్చుకొనెను. ఈ పేర్లలో చేతులను తలచినది మన 'చేతుల కుర్చీ'యే.

మరమ్మతునకు మర్యాద నిచ్చిన చేతులును లేకపోలేదు. ఈ పుదుచ్చేరిలోనే, కాలువకు తూర్పుదిక్కున, శ్రీ అరవిందాశ్రమమువారి వసతిగృహ మొకటి కలదు; దాని పేరు గోల్‌కొండ్. తెలుగువాడెవడును ఆ పేరు విని నిలువక మానడు. హైదరాబాదు సంస్థానపు ప్రధానిగా నుండిన సర్ అక్బర్ హైదరీ ప్రేరణచే నిజాము ప్రభుత్వము లక్ష రూపాయలొసగగా, ఆ కృతజ్ఞతతో మన గోలకొండ ఫ్రెంచి ఉచ్చారణమును ధరించి యీ కడలితీరమున వెలసినది. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేసిన ఆ భవనమునకు పని దగ్గఱనుండి చూచుటకు వచ్చినవాడు జార్జి నకషిమా అను జపాను సంతతి అమెరికను యువకుడు. అతడు 1930వ దశకపు చివరి యేండ్లలో ఇచ్చట నివసించి, సుందరానంద నామము వహించి, ఆ గదులకు కావలసిన కొయ్యసామానును సైతము రూపొందించెను. పిమ్మట స్వదేశమున జగద్విఖ్యాతుడైన వడ్రంగిగా వెలసిన ఆయన, పగులువాఱిన పలకను పాఱవేయక, పగులునకు అడ్డముగా సీతాకోకచిలుక ఆకారము గల కొయ్యముక్కను దిగవేసి, ఆ అతుకును దాచక, దానినే బల్లకు అలంకారముగా నిలిపెను. అతుకుల బొంతలు కుట్టిన మన అవ్వలకు ఆ విద్య తెలియనిది కాదు; వారికి ధర పలుకలేదు, అంతే.

దీనికి విపరీతమైన కథ చండీగఢ్‌ది. 1950వ దశకమునుండి ఆ క్రొత్త రాజధాని కచేరీలకై, లె కార్బూజియేకు జ్ఞాతియైన పియేర్ జాన్‌రే పర్యవేక్షణలో, టేకుకొయ్యతోను పేముతోను వేలకొలది కుర్చీలు తయారైనవి. కాలక్రమమున పేము తెగి, కొయ్య మాసి, అవి డాబాలపైకిని మూలగదులకును చేరి తుక్కుక్రింద వేలము వేయబడినవి. కొన్నవారు వానిని బాగుచేయించి విదేశపు వేలములలో లక్షలకు అమ్ముకొనిరి. 2011లో కేంద్ర హోంమంత్రిత్వశాఖ ఆ సామానును అమ్మరాదని ఉత్తరువిచ్చునాటికే పోవలసినది చాల పోయినది. నా కుర్చీకి అంతటి వంశగౌరవము కలదని నేననను. దానిని పారిసులో ఎవ్వరును పాడుకొనరు. అయినను 'పనికిరాదు' అను ముద్ర ఎంత తొందరపాటుతో పడునో ఆ కథ చెప్పుచున్నది.

పూర్వము ముద్ర ఇంత సులభము కాదు. పేము కుర్చీ నడుము తెగినచో మరల అల్లించుట కచేరీ ఖర్చులలో నొక పద్దు. ఆ యల్లకపు పనిని అంధులకు ఒసగు ఆచారము మన ప్రభుత్వ కార్యాలయములలో చిరకాలము నడచినది. పేము పోయి నురుగు వచ్చినది. దానితో పద్దును పోయినది. కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి, ఒక వస్తువును పనికిరానిదని ప్రకటించునపుడు అందులకు కారణమును వ్రాసియుంచవలెనని 217వ నియమమున చెప్పుచునే యున్నది. మా వరండా కుర్చీలకు వ్రాసిన కారణము 'డామేజి' అను నొక్క మాట. చినిగినది మెత్త; శిక్ష పడినది కుర్చీకి.

నా విన్నపము చిన్నది. ప్రభుత్వ కార్యాలయములు నేడు 2016లో ఆరంభమైన జెమ్ అను సర్కారు ఇ-మార్కెట్టులో కుర్చీలు కొనుచున్నవి గదా. ఆ కొనుగోలు షరతులలో రెండు పంక్తులు చేర్చుట కష్టము కాదు. కుర్చీచేతి రంధ్రముల దూరమును, మర కొలతను కుర్చీ అడుగున ముద్రింపవలెను. మెత్తలను కొన్నేండ్లవఱకు విడిగా, ధర ప్రకటించి, అమ్మవలెను. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ, మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు తరగతులను ఎన్నుకొనినది. సంతోషమే. ట్రాక్టరుపై కూర్చుండు రైతుకు న్యాయమైన హక్కు కుర్చీలో కూర్చుండు గుమాస్తాకు అన్యాయమెట్లగునో నాకు తోపదు. మూడువందల మెత్తకు మూడువేల ఫైలా యని యెగతాళి చేయువారున్నారు. చిన్న కొనుగోళ్లకు కొటేషన్లే యక్కఱలేదని అదే నియమావళి చెప్పుచున్నది. ఫైలు బరువు మన యలవాటుది.

ఇక నా మెత్తల సంగతి. మహాత్మాగాంధీ రోడ్డు ఆదివారపు సంతలో పాత పనిముట్లమ్ము నొక వృద్ధుడు, కుర్చీలవారి యొద్దకు గాక బండి సీట్లు కుట్టువారి యొద్దకు పొమ్మని దారి చూపెను. మా కచేరీలో నోటిమాటగా అనుమతి పుచ్చుకొని, కుర్చీని ఆటోలో వేసికొని పోతిని. స్కూటరు సీట్లకు రెక్సీను వేయు ఆ మేస్త్రీ పూర్వులు ఎన్నడో దక్షిణమునకు వచ్చిన తెలుగువారట; ఆయన తెలుగులో సగము తమిళము, ఆ సగమును తీయన. నాది యానామని విని, అంత దూరమునుండి వచ్చి కుర్చీకొఱకు తిరుగుచున్నానా యని జాలిపడెను. నేను తెప్పించిన మెత్తలను ప్రక్కకు నెట్టి, "వాటిని వదిలెయ్యండి సార్. మీ పాతదాని కడుపులో రేకుందే, అది మీ కుర్చీకే పుట్టింది. దాన్ని మాత్రం పారెయ్యకూడదు" అనెను. నాలుగు మిల్లీమీటర్ల చిక్కు ఆ మాటతో విడిపోయినది.

ఉప్పుగాలికి త్రుప్పుపట్టిన మరలు మొదట కదలలేదు. మేస్త్రీ వానిలో రెండేసి చుక్కలు కొబ్బరినూనె వేసి నన్ను టీ త్రాగి రమ్మనెను. నేను వచ్చునప్పటికి మరలన్నియు అలెన్ కీకి లొంగి, ఒక మూతలో వరుసగా పండుకొని యుండెను. శిథిలమైన నురుగును గీకివేసి, రేకును ఉప్పుకాగితముతో రుద్ది, స్కూటరు సీటుకు వాడు గట్టి ఫోమును దానిపై జిగురుతో నంటించి, అంచులను కత్తితో గుండ్రముగా చెక్కి, రెక్సీనును లాగి, మూలలయందు ముడత పడకుండ చిన్న గాట్లు పెట్టి, అడుగున మడచి యంటించెను. వేసవిలో రెక్సీనుకు చేయి చెమర్చును గదా యని నేను సందేహింపగా, విప్పి యుతుకుకొనుటకు వీలుగా గుడ్డతొడుగు నొకదానిని కుట్టి నాడా పెట్టెను. మరలు పాతవే వేయవలెననియు, పొడుగువి వేసినచో ఫోమును చీల్చుకొని మోచేతికి తగులుననియు హెచ్చరించెను. రెండు చేతులకును కలిపి మూడువందల యేబది రూపాయలు.

కుర్చీ తిరిగి వచ్చిన దినమున సూపరింటెండెంటుగారు నా బల్లయొద్ద నిలిచి, క్రొత్త మెత్తను బొటనవ్రేలితో రెండు మాఱులు నొక్కి చూచి, ఏమియు ననక వెడలిపోయిరి. మఱునాటి యుదయమున నా సొరుగుపై వార్తాపత్రికలో చుట్టిన బరువైన పొట్లమొకటి యుండెను. విప్పి చూడగా ఆఱు ఇనుపరేకులు, వాని నంటియున్న నల్లని పొడి. పైన చీటీ, సంతకము లేదు గాని అక్షరములు ఆయనవే: "ఈసారి మేస్త్రీ దగ్గరకు వెళ్లినప్పుడు."