మన ఊళ్ళో కొరత వేడికి కాదు

మినీ ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, "వేడి నుంచి కరెంట్" అనే టైటిల్ ఒక్కటైనా కనబడుతుంది. నాలుగు సెంటీమీటర్ల తెల్ల పలక, కింద కొవ్వొత్తి, పక్కన వెలిగే ఎల్‌ఈడీ, తర్వాత చప్పట్లు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళకి ఇది ఇంకా ఆశ పుట్టిస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్ళు కదా, వేడికేం తక్కువ!

కానీ ఈ పలకకి కావాల్సింది వేడి కాదు, తేడా. 1821లో సీబెక్ రెండు వేర్వేరు లోహాలని రెండు చోట్ల అతికి, ఒక అతుకుని వేడి చేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. దానికి కారణం లోహాల్లో పారే కరెంటని తర్వాత తేలింది. పలకకి రెండు వైపులా నలభై డిగ్రీలే ఉంటే వచ్చేది సున్నా. మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం దొరకనిది చల్లని వైపే.

లెక్క చూద్దాం. ఒక వైపు 150 డిగ్రీలు, ఇంకో వైపు 50 ఉన్నా, ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠం సుమారు 24 శాతం. మామూలు బిస్మత్ టెల్యూరైడ్ పలక ఇచ్చేది 5 శాతం లోపే. అంటే కొన్ని వాట్లు. ఇంటికి కరెంట్ కావాలంటే సోలారే కరెక్ట్. ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కే ఉంది.

మరి పలకని పారేయాలా? వద్దంటాను. 1977లో బయల్దేరిన వాయేజర్లు ప్లుటోనియం వేడితో, ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. మనకి అంత దూరం అక్కర్లేదు. ఉగ్గాని బజ్జీ హోటల్లో కట్టెల పొయ్యి చాలు. పలక ఒక వైపు పొయ్యికి, ఇంకో వైపు నీళ్ళ గిన్నెకి ఆనించండి. ఆ కొన్ని వాట్లతో చిన్న ఫ్యాన్ పొయ్యిలోకి గాలి ఊదితే కట్టెలు బాగా మండి పొగ తగ్గుతుంది. పలకలోంచి దాటిన మిగతా వేడి నీళ్ళలోకే పోతుంది. ప్లేట్లు కడగడానికి వేడినీళ్ళు ఎలాగూ కావాలి. అప్పుడు 5 శాతం అనేది లోపమే కాదు. నీళ్ళు మాత్రం మారుస్తూ ఉండాలి, అవి కాగిపోతే తేడా తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. చౌకగా దొరికే చాలా పలకలు చల్లబరచడానికి చేసినవి. వాటి లోపలి సోల్డర్ సుమారు 138 డిగ్రీలకే కరుగుతుంది. పొయ్యికి జనరేటర్ రకమే కొనండి.

నా మాట ఒక్కటే. పోస్టర్ మీద "గ్రామాలకి వెలుగు" అని రాయడం మానేద్దాం. ఎన్ని వాట్లు, ఎంత తేడాకి, పొగ ఎంత తగ్గింది అని రాద్దాం. రోజంతా ఆ పొగలో కూర్చుని బజ్జీలు వేసే అక్కకి కావాల్సింది మన ఎల్‌ఈడీ కాదు, మంట కళ్ళు కొంచెం తగ్గడం.