మా ఇంటి బొమ్మల కథలో నా వీపు

మొన్న సంక్రాంతికి మా ముదినేపల్లి ఇంట్లో పందొమ్మిది మందిమి తేలాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఓ లాంగ్ నోటుబుక్ పట్టుకుని, పేజీకి నాలుగు గళ్ళు గీసి, మా అందరితో బొమ్మల కథ మొదలుపెట్టింది. మూడో పేజీకల్లా ఏడుపు మొహంతో వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, కైకలూరు అత్త, గుడివాడ అత్త ఒకేలా వస్తున్నారు. ఎవరు ఎవరో నాకే తెలీడం లేదు."

బీఏ తెలుగు చదివి ఏం లాభం అని నన్ను అందరూ అనేవాళ్ళే. ఆ రోజు మాత్రం చదువు అక్కరకొచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రికలో ఎన్ని జంతువులున్నా మనం తికమక పడం. కారణం, పేరులోనే ఆనవాలు ఉంటుంది. చిత్రగ్రీవుడంటే రంగురంగుల మెడ ఉన్న పావురం. మంథరం అంటే మెల్లగా నడిచేది, అదే తాబేలు. లఘుపతనకం అంటే తేలిగ్గా ఎగిరే కాకి.

బుడుగు కూడా చూపించాను. ముళ్ళపూడి వెంకటరమణగారు రాస్తే, మన నరసాపురంలో పుట్టిన బాపుగారు బొమ్మలేసిన పుస్తకం. అది గళ్ళు గీసిన కామిక్ కాదుగానీ, జనం మాత్రం బోలెడు. బామ్మ, బాబాయి, సీగానపెసూనాంబ, రెండుజెళ్ళ సీత, పక్కింటి లావుపాటి పిన్నిగారి ముగుడు. రెండు జెళ్ళు కనిపిస్తే చాలు, సీత వచ్చిందని తెలిసిపోతుంది.

పిల్ల ఇట్టే అందుకుంది. తాతయ్యకి పడక్కుర్చీ. కైకలూరు అత్తకి తల్లో కనకాంబరాలు. గుడివాడ అత్తకి భుజాన వేలాడే పెద్ద సంచీ. పెదనాన్నకి చెవి దగ్గర ఫోను, రొయ్యల రేటు కనుక్కుంటూ. పెద్దమ్మకి చేతిలో అమృతాంజనం సీసా.

ఇంకో మాట కూడా చెప్పాను. ప్రతి గడిలోనూ అందర్నీ కుక్కకు. కరటక దమనకులు మాట్లాడుకుంటున్నంతసేపూ సింహం పక్కన కూర్చోదు కదా. ఇద్దరు ముగ్గురు చాలు, మిగతావాళ్ళు గొంతుగా వినబడితే సరిపోతుంది. పండగ భోజనాల బంతిలో ఒక్కసారి అందర్నీ చూపిస్తే అప్పుడు నిండుగా ఉంటుంది.

భోగి నాటికి పదకొండు పేజీలయ్యాయి. అందరం చుట్టూ చేరి పగలబడి నవ్వాం. నేను మాత్రం పేజీలు తిప్పుతూ నన్ను వెతుక్కున్నాను. ఉన్నాను, అన్ని పేజీల్లోనూ. పొయ్యి, గరిటె, జుట్టు ముడి, వీపు. పదకొండు పేజీల్లో ఒక్కచోటా మొహం లేదు.

"నీ గుర్తు అదే కదమ్మా. మొహం గీయక్కర్లేదు, తొందరగా అయిపోతుంది" అంది.

నవ్వేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. పిల్ల తప్పేముంది? చూసిందే గీసింది. బుడుగు లోకంలో పెద్దవాళ్ళంతా బుడుగు చూసినట్టే ఉంటారు. ఎవరి కళ్ళతో చూస్తే కథ వాళ్ళదే.

ఆ తర్వాత ఇంకో సంగతి తట్టి సిగ్గేసింది. అమృతాంజనం సీసా గుర్తు పిల్లకి ఎక్కణ్ణించి వచ్చింది? నా నోటి నుంచే. మా తోటికోడలికి "ఎప్పుడూ తలనొప్పే" అని ముద్ర వేసింది నేనే. పదహారేళ్ళుగా ఆ సీసానే చూస్తున్నాను. ఆ తలనొప్పి ఎందుకొస్తోందక్కా అని ఒక్కసారీ అడగలేదు.

నా అభిప్రాయం ఇదీ. ఇల్లు నిండా జనం ఉన్నప్పుడు గుర్తులు తప్పవు, బొమ్మల్లోనైనా, బతుకులోనైనా. కానీ గుర్తు పోల్చుకోవడానికే. మనిషంతా అదే అనుకుంటే ఆ మనిషి ఇక ఎదగదు. కెనడాలో లిన్ జాన్‌స్టన్ అనే ఆవిడ 1979లో ఒక కుటుంబం కథ కామిక్‌గా మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పత్రికల్లో గీశారు. అందులో పిల్లలు నిజం పిల్లల్లాగే ఏడాదికేడాది పెద్దవాళ్ళయ్యారు. ఇంటి కుక్క కూడా ముసలిదై 1995లో చనిపోయింది. ఆ కథలో ఎల్లీ అనే అమ్మకి మొహం ఉంది, విసుగుంది, కోరికలున్నాయి. గీసిన చెయ్యి కూడా ఒక అమ్మదే మరి.

అందుకే ఎంత చిన్న పాత్రకైనా ఒక్క పేజీ పూర్తిగా ఇవ్వాలంటాను. ఆ పేజీ ఎవరో ఇస్తారని చూడకుండా మనమే అడిగి తీసుకోవాలి కూడా.

కనుమ నాడు పొయ్యి కట్టేసి పిల్ల ఎదురుగా కూర్చున్నాను. పన్నెండో పేజీ నాది అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసి, "గడ్డం కింద ఈ మచ్చేంటమ్మా?" అంది. నా తొమ్మిదో ఏట ఉయ్యాల మీంచి పడ్డ కథ చెప్పాను. పదమూడేళ్ళుగా నాతోనే ఉన్న పిల్ల, మొదటిసారి వింటోంది.

పదమూడో పేజీ పెద్దమ్మకి అట్టేపెట్టాం. ఈసారి సీసా లేకుండా. ముందు నేను వెళ్ళి అడగాలి.

మీ ఇంటి కథలో వీపు మాత్రమే కనిపించేది ఎవరో, ఓసారి చూసుకోండి.