గడువు తీరిందంటే బాకీ తీరినట్టు కాదు

రైతు సంఘం పత్రికలో కాంట్రాక్టు ఉద్యోగుల గోల ఎందుకని కొందరు అడగొచ్చు. మన ఇళ్లు చూసుకుంటే తెలుస్తుంది. రెండెకరాల ఇంట్లో కొడుకో కోడలో బయట కాంట్రాక్టు పని చేస్తేనే ఎరువుల కట్టకు, పిల్లల ఫీజుకు డబ్బు ఆడుతోంది. మార్చి 31తో ఆ జీతం ఆగితే జూన్‌లో విత్తనాలకు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి.

మా పక్క ఊరి కుర్రాడొకడు ఒక మిల్లులో ఆరేళ్లు పనిచేశాడు. ఏటా కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. ఈ ఏడు పెట్టించలేదు. వారం తిరక్కుండా అదే మిషను దగ్గర ఇంకొకడు నిలబడ్డాడు. "నిన్ను తీసెయ్యలేదయ్యా, రెన్యూవల్ చెయ్యలేదంతే" అన్నారట.

ఆ మాటలోనే ఉంది మతలబు. ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి తీసెయ్యాలంటే నెల నోటీసు, ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 1984లో దాన్ని సవరించి, గడువు తీరిన కాంట్రాక్టును పొడిగించకపోతే అది తొలగింపు కాదన్నారు. 2025 నవంబర్ 21 నుంచి అమలైన లేబర్ కోడ్ కూడా ఆ కన్నం పూడ్చలేదు. నెలకు 15,000 జీతమున్న ఆ కుర్రాడికి దీనివల్ల దాదాపు 45,000 పోయింది.

ఈ ఎత్తు కౌలు రైతుకు కొత్త కాదు. ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు పత్రం కూడా 11 నెలలకే. భూమి అదే, దున్నేవాడూ వాడే, కాగితం మాత్రం ఏటా కొత్తది.

సర్కారు కూడా తక్కువ తినలేదు. తెలంగాణలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు 4779 సర్క్యులర్ మీద 2020 మార్చిలో సమ్మె చేస్తే, సుమారు 7,500 మందిని పక్కన పెట్టారు. 2022లో తిరిగి తీసుకున్నారు. ఆ రెండేళ్ల జీతం ఎవరిచ్చారు?

అయితే గ్రాట్యుటీని ఈ వంకతో ఎగ్గొట్టే వీల్లేదు. ఐదేళ్లు నిండినవాళ్లకు పాత చట్టం నుంచే ఆ హక్కు ఉంది. కొత్త కోడ్ ప్రకారం నిర్ణీత గడువు ఉద్యోగికి ఏడాది చేసినా వస్తుంది. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చవేయాలి. మన కుర్రాడికి 51,900 పైచిలుకు. చక్కెర ఫ్యాక్టరీ లాంటి సీజను పనిలోనైతే సీజనుకు ఏడు రోజుల జీతం. 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో ఇవ్వాలి.

పని నిజంగానే అయిపోతే గడువుతో పంపడంలో నాకూ అభ్యంతరం లేదు. చిన్న యజమాని కష్టం నాకు తెలుసు, కోతలకు నేనూ కూలీలను పెట్టుకుంటాను. కానీ అదే పనిలో ఇంకో మనిషిని పెట్టుకుంటే దాన్ని తొలగింపుగానే లెక్కగట్టి ఏడాదికి 15 రోజుల జీతం ఇప్పించాలి. మన జిల్లా మహాసభ తీర్మానాల్లో ఈ డిమాండు చేరాలి.

ఈలోగా గ్రామ కమిటీలు ఈ ఏడాది రెన్యూవల్ కాని పిల్లల పేర్లు రాసుకోండి. అపాయింట్‌మెంట్ కాగితం, జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబరు, బ్యాంకు పాసుబుక్కు తెమ్మనండి. కార్మిక శాఖ ఆఫీసుకు ఒక్కొక్కరుగా వద్దు, అందరం కలిసి పోదాం.