తెరపై అక్షరం, చేతిలో అమానతు
కంప్యూటర్ తెరపై బొమ్మగా ఉన్న పుటలోని వాక్యాలను మౌస్‌తో ఎంచుకోలేము. అట్టి చోట క్రోమ్ బ్రౌజర్‌లోని గూగుల్ లెన్స్‌తో ఆ భాగాన్ని గుర్తిస్తే, అక్షరాల ఆకారాన్ని పోల్చుకొని కాపీ చేసుకోదగిన పాఠంగా అందిస్తుంది. పాత ధార్మిక గ్రంథాల స్కాన్ ప్రతుల నుండి హదీసులను పిల్లలకు పంపడానికి మేమూ దీనినే ఆశ్రయిస్తున్నాము. అయితే యంత్రం పొరబడవచ్చు. తెలుగులో ఒక వత్తు జారినా, అరబీలో బా, తా, సా అక్షరాలను వేరుచేసే చుక్కలు తప్పినా భావమే మారిపోగలదు. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 6వ వాక్యం ఆదేశిస్తున్నది. కనుక ఆయతునైనా, హదీసునైనా ఇలా తీసినప్పుడు మూలంతో అక్షరమక్షరం సరిచూచిన తరువాతే ఇతరులకు పంపుదాము. ధర్మవాక్యాన్ని చెక్కుచెదరకుండా అందించడం మనకు అప్పగించబడిన అమానతు.