జాతర ఫొటోకు ఫ్లాష్ ఎందుకు?

శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో రాత్రిపూట ఫొటో తీసేవారు చాలామంది ఫ్లాష్ వెలిగిస్తారు. అది అనవసరమని నా అభిప్రాయం. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతే అందుతుంది. అందుకే ముందున్న ముఖం తెల్లగా పాలిపోతుంది. వెనక జాతర చీకటిలో కలిసిపోతుంది.

28 మి.మీ. విశాలకోణ కటకం ద్వారం వ్యాసం 10 మి.మీ. బదులు 20 మి.మీ. ఉంటే వెలుతురు నాలుగు రెట్లు వస్తుంది. సెకనులో 15వ వంతు పట్టే ఫొటో 60వ వంతులోనే వస్తుంది. చెయ్యి వణికినా అంతగా చెదరదు.

విశాలకోణంలో దగ్గరివి పెద్దవిగా, దూరపువి చిన్నవిగా కనిపిస్తాయి. కాబట్టి బొరుగులమ్మే అవ్వను అడిగి, రెండడుగులు దగ్గరకు జరగండి. ఆమె కొట్టు దీపం వెలుగులోనే ఆమె ముఖమూ, వెనక జాతరా రెండూ దక్కుతాయి. ఉన్న వెలుతురును చెరిపేసి ఫొటో తీయడం దేనికి?